విరిగినట్టు కనిపించని గీత

ఫ్లోరిడాలో రిబోవిచ్ సోదరులు కట్టిన చెక్క వేటపడవను చూడాలనుకున్నవాళ్ళు వెంటనే దాని మీదికి ఎక్కకూడదు. ఒడ్డున కాస్త దూరంగా, పడవ పక్కభాగం పూర్తిగా కనబడేలా నిలబడాలి. ముక్కు దగ్గర మొదలుపెట్టి పైఅంచు వెంట చూపును మెల్లగా వెనక్కి జరపాలి. అలకు ఎదురొడ్డేలా ఎత్తుగా లేచిన అంచు వెనక్కి వస్తున్నకొద్దీ దిగుతుంది. సగం దాటాక ఒక్కసారిగా కిందికి జారి, వెంటనే సర్దుకుని, నీటికి దగ్గరగా చివరిదాకా సాగిపోతుంది. ఎత్తైన ముందు భాగమూ పొట్టి వెనక భాగమూ కలిసే ఆ చోట మామూలుగా అయితే ఒక మెట్టు రావాలి, ఒక మూల పడాలి. ఇక్కడ మూల లేదు. ఒక వంపు, దానికి ఎదురువంపు, అంతే. మొదటిది ఎక్కడ అయిపోయిందో, రెండోది ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపలేం. అమెరికాలో పడవలు కట్టేవాళ్ళు దాన్ని ‘బ్రోకెన్ షీర్’ అంటారు, అంటే విరిచిన అంచు అని. విరుపు ఆ పేరులోనే ఉంది. చెక్కలో వెతికినా దొరకదు.

ఆ వంపు గీసినది టామీ రిబోవిచ్. ముగ్గురు అన్నదమ్ముల్లో పడవ రూపమూ చెక్కపనీ ఆయన వంతు. ఇంజన్లు, యంత్రాలు ఎమిల్ చూసుకునేవారు. జానీ స్వయంగా పేరున్న వేటగాడు. గాలానికి పెద్ద చేప తగిలిన క్షణంలో పడవ మీద ఏది అక్కరకొస్తుందో, ఏది కాళ్ళకు అడ్డం పడుతుందో ఆయనకు తెలుసు. తండ్రి జాన్‌ను అందరూ ‘పాప్’ అని పిలిచేవారు. ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం నుంచి వలస వచ్చి, ఫ్లోరిడాలోని పామ్ బీచ్ ప్రాంతంలో చేపలు పట్టి బతికి, 1919లో వెస్ట్ పామ్ బీచ్‌లో పడవల యార్డు పెట్టుకున్నారాయన. ధనవంతుల విహార పడవలకు మరమ్మతులు చేయడం, వాటిని చేపల వేటకు పనికొచ్చేలా మార్చడం చాలా ఏళ్ళపాటు ఆ యార్డుకు బతుకుతెరువు. వాళ్ళ పనితనానికి అసలు బడి అదేనని నా నమ్మకం. పరాయి పడవలను కోసి, అతికి, ఎవరు ఎక్కడ పొరబడ్డారో పాతికేళ్ళకు పైగా చేతులతో తెలుసుకున్నాకే ఈ రకం సొంత పడవకు దిగారు. 1947లో ఒక చెవ్రోలెట్ కార్ల డీలరు కోసం కట్టిన 34 అడుగుల ‘మిస్ చెవీ 2’ అలా వచ్చింది. మొదటి పలక నుంచే గాలపు వేట కోసమని పుట్టిన పడవల్లో మొదటిదిగా దాని పేరే చెప్తారు.

అంతకుముందు వేటపడవలు లేవని కాదు. అమెరికన్ రచయిత హెమింగ్వే పడవ ‘పిలార్’ అందరికీ తెలిసిందే. 1934లో బ్రూక్లిన్‌లోని వీలర్ యార్డు నుంచి వచ్చిన 38 అడుగుల పడవ అది. వీలర్ వాళ్ళు అప్పటికే కడుతున్న విహార పడవ నమూనాకు హెమింగ్వే తన అవసరాలు చేర్పించుకున్నారు. వెనక గోడను ఒక అడుగు తగ్గించి, దాని మీద చెక్క రోలరు పెట్టించారు, పెద్ద చేపను దొర్లించి లోపలికి లాగడానికి. పెద్ద ఇంజనుకు తోడు, ఎర లాగుతూ నిదానంగా తిరగడానికి ఇంకో చిన్న ఇంజను వేయించారు. మంచి ఆలోచనలే. కానీ అవి తయారైన చొక్కాకు తర్వాత కుట్టించుకున్న జేబుల్లాంటివి. రిబోవిచ్ సోదరులు గుడ్డ కత్తిరించడానికి ముందే జేబు ఎక్కడ రావాలో గీసుకున్నారు.

ఈ తేడా తెలియాలంటే ఆ వేట సంగతి తెలియాలి. ఫ్లోరిడా తీరానికి యాభై మైళ్ళ అవతల, గల్ఫ్ స్ట్రీమ్ ప్రవాహం దాటగానే, బహామాస్‌లోని బిమినీ దీవి వస్తుంది. అక్కడ సముద్రం ఒక్కసారిగా లోతు తగ్గి, అడుగున తెల్లటి ఇసుక మేట కనబడుతుంది. మే, జూన్ నెలల్లో బ్లూఫిన్ ట్యూనాలు ఆ మేట అంచు వెంట గుంపులుగా ఉత్తరానికి పోయేవి. ఒక్కొక్కటి రెండు మూడు వందల కిలోలు. గాలానికి తగలడం కష్టం కాదు, ఒడ్డుకు చేరడం కష్టం. చేప అలిసిపోయేలోగా సొరచేపలు వచ్చి కండలు చీల్చుకుపోయేవి. 1935లో హెమింగ్వే అక్కడ ఒక ట్యూనాను గాటు పడకుండా పైకి తేగలిగితే అదొక చరిత్రగా చెప్పుకున్నారు. దానితో పాటు మార్లిన్ ఉంది. బల్లెం లాంటి మూతి ఉన్న ఆ చేపల జాతిని మన ఉత్తరాంధ్ర తీరంలో కొమ్ముకోనాం అంటారు. విశాఖ తీరంలో గాలంతో వేటాడే మత్స్యకారులకు దాని బలం ఎవరూ చెప్పక్కర్లేదు. చిన్న పడవల్లో దానితో తలపడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. మనవాళ్ళది పొట్టకూటి వేట, ఫ్లోరిడా వాళ్ళది సరదా వేట. చేప మాత్రం ఆ తేడా చూడదు.

ఇప్పుడు మళ్ళీ ఆ గీత దగ్గరికి వద్దాం. గల్ఫ్ స్ట్రీమ్‌లో ఉత్తరపు గాలి ప్రవాహానికి ఎదురుగా వీస్తే అలలు నిటారుగా లేస్తాయి. కాబట్టి ముక్కు ఎత్తుగా ఉండాలి. వేటగాడు, సహాయకుడు ఉండే వెనక భాగంలో చేయి చాపితే చేప అందాలి. కాబట్టి అక్కడ గోడ పొట్టిగా ఉండాలి. ఈ రెండు అవసరాలకూ పొత్తు కుదరదు. టామీ వాటిని రాజీ పెట్టలేదు, రెండింటికీ పూర్తిగా లొంగి, మధ్యలో మిగిలిన ఇబ్బందిని వంపుగా మార్చారు. పడవల మీద అందం కోసమే వేసిన వంపులు చాలా చూస్తాం. ఈ వంపు కింద రెండు మొండి అవసరాలు కూర్చుని ఉన్నాయి. నేను దీన్ని గొప్ప పని అనడానికి కారణం అదే.

తక్కినవీ అలాగే పుట్టాయి. సొరచేప రాకముందే ట్యూనాను లోపలికి లాగాలి కనక వెనక గోడలో నీటి మట్టానికి దగ్గరగా తలుపు వచ్చింది. తెల్లటి ఇసుక మీద కదిలే గుంపు కిందనుంచి కనబడదు, పైనుంచి కనబడుతుంది. 1950ల మొదట్లో అల్యూమినియం గొట్టాలతో అతికిన ఎత్తైన టవరు అలా వచ్చింది. కెప్టెన్ పైకెక్కి, అక్కడే ఉన్న రెండో స్టీరింగుతో పడవ నడుపుతూ, గుంపు ముందుకు వెళ్ళి ఎర దాని దారిలో పడేలా చూస్తాడు. అల్యూమినియమే ఎందుకంటే, అంత ఎత్తున ప్రతి కిలో బరువూ పడవను పక్కకు ఊపుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చేది స్టీరింగు దగ్గరి అమరిక. ‘పామ్ బీచ్ తరహా’ అని దానికి పేరు. చక్రానికి అటొకటి ఇటొకటి రెండు ఇంజన్ల మీటలు ఉంటాయి. చేప తగలగానే కెప్టెన్ చక్రానికి వీపు పెట్టి వెనక్కి తిరుగుతాడు. రెండు చేతులూ వెనక్కి చాపి ఆ మీటలు పట్టుకుంటాడు. కళ్ళు చేప మీద, దారం మీద, కుర్చీలో బెల్టులు బిగించుకుని రాడ్డుతో పెనుగులాడే మనిషి మీద ఉంటాయి. చేతులు చూడకుండానే ఒక ఇంజను ముందుకు, ఇంకొకటి వెనక్కి వేసి పడవను ఉన్నచోటనే తిప్పుతాయి. ముందుకు చూస్తూ నడిపే వాహనాలే మనకు తెలుసు. వెనక్కి చూస్తూ నడపడానికి వీలుగా ఒక పడవను తీర్చిదిద్దడమంటే, పని చేసే మనిషి ఒంటిని ఎంత దగ్గరగా గమనించి ఉండాలో కదా!

1975లో ఆ కుటుంబం యార్డును అమ్మేసింది. అప్పటిదాకా వాళ్ళ చేతుల మీదుగా దిగిన ఇలాంటి వేటపడవలు వంద లోపే. ఈలోగా ఫైబర్‌గ్లాస్ వచ్చింది. 1960 ప్రాంతంలో హాటెరస్, బెర్‌ట్రామ్ కంపెనీల పడవలు అచ్చుల్లోంచి ఒకదాని వెనక ఒకటి దిగడం మొదలయ్యాక, ఒక్కో పడవకు నెలల తరబడి చెక్క చిత్రిక పట్టే యార్డులు వాటితో పోటీ పడలేకపోయాయి. అలాంటప్పుడు యాభై, అరవై ఏళ్ళ నాటి చెక్కపడవ ఇంకా ఎందుకు తేలుతోంది? ఎవరో ఒకరు దానికోసం ఏళ్ళు ధారపోస్తున్నారు కాబట్టి.

పాత పడవ యార్డుకు వచ్చిన మొదటిరోజు అసలు పనిముట్లు బయటికి తీయని యార్డు మంచి యార్డు. పాత చెక్కపడవను నాలుగు దుంగల మీద నిలబెట్టి వదిలేస్తే ముక్కు, వెనక కొస వేలాడి, మధ్య భాగం పైకి తేలుతుంది. ఆ వంకరతోనే కొత్త పలకలు బిగిస్తే వంకర శాశ్వతమైపోతుంది. అందుకే ముందు వెన్నుదూలం పొడవునా ఆసరాలు పెట్టి, ఒక కొస నుంచి ఇంకో కొసకు దారం లాగి, రోజుకు కాస్త చొప్పున సర్దుతూ పడవను దాని అసలు రూపానికి రప్పిస్తారు. తర్వాత లోపల అడ్డ కమ్మీలు బిగించి ఆ రూపాన్ని కట్టేస్తారు. పక్కటెముకల్లాంటి వంపు దూలాలను కూడా అన్నీ ఒకేసారి పీకరు. ఒకటి వదిలి ఒకటి మారుస్తారు. పాత ఎముక కొత్త ఎముకకు రూపం నేర్పుతుంది.

ఆ తర్వాత చెవికి పని. చిన్న కొయ్య సుత్తితో పలక పలకా తట్టుకుంటూ పోతారు. గట్టి చెక్క ఖంగుమంటుంది, పుచ్చిన చెక్క మొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట సన్నటి మొన గుచ్చి చూస్తారు. కొత్తవాళ్ళు సముద్రపు నీటికి భయపడతారు గానీ, చెక్కకు అసలు శత్రువు వాననీరు. ఉప్పునీటిలో మునిగిన పలకలో పుచ్చు పుట్టించే బూజు అంత తేలిగ్గా బతకదు. డెక్కు మీద చిన్న పగులులోంచి దిగి, గాలి ఆడని మూలలో నిలిచే మంచినీరే పడవను తినేస్తుంది. కిటికీల మూలలు, వెనక గోడ రెండు చివర్లు, డెక్కు అంచు కింద దాగిన దూలాలు, ఎక్కడ చూడాలో అనుభవం ఉన్నవాళ్ళకు ముందే తెలుసు.

మేకులు, స్క్రూల కథ వేరు. సముద్రంలో మన్నేది సిలికాన్ కంచు. ఎవరో మధ్యలో పొదుపు కోసం ఇత్తడి వాడి ఉంటే, ఉప్పునీరు అందులోని జింకును తినేసి మెత్తటి గులాబీరంగు రాగిని మిగులుస్తుంది. చూడటానికి స్క్రూ ఉంటుంది, తిప్పితే తల ఊడివస్తుంది. ఇనుము వాడి ఉంటే తుప్పు చుట్టూ ఉన్న ఓక్ చెక్కను నల్లగా కాల్చినట్టు చేస్తుంది. అందుకని స్క్రూలన్నీ ఒక్కొక్కటిగా తీసి, రంధ్రాలు శుభ్రం చేసి, ఒక సైజు పెద్ద కంచు స్క్రూలు వేస్తారు. ఇలాంటివి వేలల్లో ఉంటాయి. ప్రతి స్క్రూ తల మీద అదే జాతి చెక్కతో చేసిన గుండ్రటి బిళ్ళ కొడతారు. బిళ్ళ చార పలక చారతో ఒకే వైపు పోవాలి, లేకపోతే వార్నిష్ కింద చుక్కలు చుక్కలుగా కనబడుతుంది. ఆ బిళ్ళను జిగురుతో కాకుండా వార్నిష్‌లో ముంచి దిగ్గొట్టే పద్ధతి ఒకటి ఉంది. జిగురైతే ఇంకో ముప్పై ఏళ్ళకు ఆ స్క్రూ తీయవలసినవాడు పలకను గాయపరచాలి. వార్నిష్ అయితే ఉలి మొనతో లేచి వస్తుంది. తాను చూడబోని వడ్రంగి చేతిని తలచుకుని ఈ రోజు బిళ్ళ కొడుతున్నాడన్నమాట. ఈ వృత్తిలో నాకు నమస్కారం పెట్టాలనిపించేది ఈ చిన్న పని దగ్గరే.

కొత్త వంపు దూలాలకు పచ్చి ఓక్ కావాలి. అంగుళం మందానికి సుమారు గంట చొప్పున ఆవిరి పెట్టెలో ఉంచుతారు. తీసిన తర్వాత ఒకటి రెండు నిమిషాల్లోనే వంచి బిగించాలి. చల్లబడితే విరుగుతుంది. ఇద్దరు ముగ్గురు మాట్లాడుకోకుండా, ఒకరి చేతి కదలిక ఇంకొకరు ఎరిగి చేయాల్సిన పని. పలక మధ్యలో పుచ్చితే ఆ మేరకే కోసి కొత్త ముక్క అతుకుతారు. అతుకు నిలువుగా ఉంటే బలం లేదు. పలక మందానికి ఎనిమిది రెట్ల నుంచి పన్నెండు రెట్ల పొడవున ఏటవాలుగా చిత్రిక పట్టి, రెండు వాలులనూ ఒకదాని మీద ఒకటి పొందించాలి.

చివరికి వచ్చేది ఆ గీత. సన్నటి పొడవాటి బద్దను పడవ అంచు మీద వంచి పెడతారు. బద్ద తనంతట తాను తీసుకునే వంపులో అబద్ధం ఉండదు. అంచు ఎక్కడైనా ఉబ్బినా లోపలికి పోయినా బద్దకూ చెక్కకూ మధ్య వెలుతురు కనబడుతుంది. పక్కభాగానికి పొడవాటి బల్ల మీద గరుకు కాగితం అతికించి, ఇద్దరు మనుషులు రెండు కొసలూ పట్టుకుని రోజుల తరబడి రుద్దుతారు. మధ్యమధ్య కళ్ళు మూసుకుని అరచేతితో తడిమి చూస్తారు. కంటికి దొరకని గతుకు అరచేతికి దొరుకుతుంది. టామీ గీసిన ఎదురువంపు దగ్గర ఒక్క చిత్రిక పొర ఎక్కువ తీసినా మూల మొదలైపోతుంది. అక్కడ మరమ్మతు చేసేవాడి గొప్పతనం తన చేయి కనబడకపోవడంలోనే ఉంది.

ఇక్కడ నాకొక గట్టి అభిప్రాయం ఉంది. పలక పక్కన పలక విడిగా బిగించిన పాత పడవకు ఓపిక లేనివాళ్ళు పైన ఫైబర్‌గ్లాస్ తొడుగు వేసేస్తుంటారు. పలక తడికి ఉబ్బుతుంది, ఆరితే తగ్గుతుంది. కదిలే ఒంటికి కదలని చర్మం కప్పితే లోపల చిక్కిన తడి నింపాదిగా చెక్కను తింటుంది. పలుచటి చెక్క పొరలను అడ్డదిడ్డంగా ఒకదాని మీద ఒకటి ఎపాక్సీ జిగురుతో అతికి కట్టిన తర్వాతి కాలపు పడవల మాట వేరు. వాటికి పై తొడుగు కట్టుబడిలో భాగమే. పడవ ఎలా పుట్టిందో తెలుసుకుని అదే దారిలో బాగుచేయాలి. ఎమిల్ గారి కొడుకు మైకేల్ రిబోవిచ్ పామ్ బీచ్ గార్డెన్స్‌లోని తన యార్డులో ఇప్పుడు కొత్తవి కట్టేది ఈ పొరల పద్ధతిలోనే. కుటుంబం కట్టిన పాత పడవలు బాగుకోసం ఆ యార్డుకే వస్తుంటాయి.

ఇంజన్ల దగ్గర మాత్రం నేను పాతదనాన్ని పట్టుకుని వేలాడమనను. ఆ కాలపు పడవల్లో చాలావాటికి పెట్రోలు ఇంజన్లు ఉండేవి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. పడవ అడుగున పేరుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. స్టార్ట్ చేసేముందు ఫ్యాను వేసి అడుగుగాలి బయటికి తోసి, మూత తెరిచి ముక్కుతో వాసన చూడటం తప్పనిసరి అలవాటు. డీజిల్‌కు మారితే ఆ భయం చాలావరకు పోతుంది, దూరమూ పోవచ్చు. అయితే డీజిల్ ఇంజను బరువు చూసుకోవాలి. బరువు కాస్త వెనక్కి జరిగినా వెనక భాగం నీటిలోకి కుంగి, ముక్కు లేచి, టామీ గీసిన గీత నీటికి వేరే కోణంలో నిలబడుతుంది. అందం పోవడం ఒక్కటే కాదు. వేటలో చేప వెంట పడవను జోరుగా వెనక్కి నడపాల్సి వస్తుంది. అప్పుడు ఆ పొట్టి గోడ మీదుగా అల లోపలికి దూకుతుంది.

నడిపినప్పుడే ఈ పడవ పూర్తిగా అర్థమవుతుందని దాని మీద తిరిగినవాళ్ళు అంటారు. అలను కొట్టినప్పుడు ఫైబర్‌గ్లాస్ డొప్పలా మోగదు, చెక్క ఆ దెబ్బను తనలోకి తీసుకుని మెత్తగా బదులిస్తుంది. కొన్ని పడవలు చేపను పైకి రప్పిస్తాయని, ఆ చప్పుడు చేపకు ఇష్టమని ముసలి కెప్టెన్లు నమ్ముతారు. నిజమో కాదో గానీ, ఆ నమ్మకంతోనే పాత పడవను వదలనివాళ్ళున్నారు. ఇలాంటి పడవను మెరీనాలో కట్టేసి ఉంచితే త్వరగా చెడుతుంది. తిరుగుతూ ఉంటే లోపల గాలి ఆడుతుంది, డెక్కు ఉప్పునీటితో తడుస్తుంది, ఎక్కడ కారుతోందో నడిపేవాడికి ఆ రోజే తెలుస్తుంది. పిలార్ ఇప్పుడు క్యూబాలో, హవానా శివారులోని హెమింగ్వే ఇంటి ఆవరణలో, కప్పు కింద పొడినేల మీద ఉంది. దాన్ని అలా కాపాడటం న్యాయమే. కానీ చెక్కపడవకు అది పదవీ విరమణ. పనిలో ఉన్న రిబోవిచ్‌ను చూసినప్పుడు కలిగే సంతోషం వేరు.

ఈ తరహా పడవల కథ ఫ్లోరిడాలోనే ఆగలేదు. నార్త్ కరోలినాలోని రోనోక్ దీవిలో వారెన్ ఓ’నీల్ వంటివాళ్ళు కాగితం మీద నక్షా లేకుండా, కంటి కొలతతో పడవలు కట్టారు. ఆరెగన్ ఇన్‌లెట్ దగ్గరి ఇసుక తిప్పల మీద విరిగే అలలను పక్కలకు చిమ్మేలా ముక్కును పువ్వులా బయటికి విప్పారు. దానికి ‘కరోలినా ఫ్లేర్’ అని పేరొచ్చింది. ఆ పడవలకు వేరే వ్యాసమే కావాలి.

ఫ్లోరిడాలో మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. పామ్ బీచ్ వైపు వెళ్ళినప్పుడు ఏదైనా మెరీనాలో తెల్లటి ఫైబర్‌గ్లాస్ పడవల మధ్య మహాగని వెనక గోడ తేనెరంగులో మెరుస్తూ ఒక పాత వేటపడవ కనబడితే, దాటిపోకండి. పక్కకు వచ్చి ముక్కు నుంచి చూడండి. దాని మనిషి అక్కడే ఉంటే ఆ వెనక గోడకు ఏడాదికి ఎన్ని పూతలు వార్నిష్ వేస్తారో అడగండి. మిగతాదంతా ఆయనే చెప్తారు.